‘నీవల్ల కాదు’ వేరు... ‘నావల్ల కాదు’ వేరు!

గ్యాస్ బండ వచ్చిన రోజు ఇంట్లో మగవాళ్ళు లేకపోతే ఏం చేస్తాం? ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వంక చూస్తూ కూర్చుంటామా? కూర్చోం. కొంగు బిగించి, బండని అంచు మీదకి వాల్చి, మెల్లగా దొర్లించుకుంటూ వంటింట్లోకి చేరుస్తాం. లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు మరో పదిహేను కిలోల పైమాటే. అంటే దగ్గర దగ్గర ముప్ఫై కిలోలు! ఇక పాతిక కిలోల బియ్యం బస్తా, తడిసిన దుప్పట్ల బకెట్టు, నిద్రలో బరువెక్కిపోయిన నాలుగేళ్ళ పిల్లాడు... వీటికి లెక్కేముంది?

ఇన్ని మోసే మనిషి “జిమ్‌కి వెళ్ళి బరువులెత్తుతాను” అనగానే మాత్రం ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. “ఆడదానివి, నీవల్ల ఏమవుతుంది?” అనేస్తారు. ఇంటి పనిలో మోస్తే బరువు కాదు, తన కోసం ఎత్తితేనే బరువు. చిత్రంగా లేదూ?

బల్ల మీద పడుకుని...

బరువులెత్తడంలో చాలా రకాలున్నాయి. వాటిలో చూడటానికి తేలిగ్గా, చేయడానికి మొండిగా ఉండేది బెంచ్ ప్రెస్. సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి. పాదాలు నేలకి ఆనించాలి. స్టాండు మీదున్న ఇనుప రాడ్డుని రెండు చేతులతో అందుకుని, మెల్లగా ఛాతీ దాకా దించి, తిరిగి చేతులు నిటారుగా అయ్యేదాకా పైకి నెట్టాలి. అంతే! చెప్పుకోవడానికి రెండు ముక్కలు. కానీ రాడ్డు ఒక్కటే ఇరవై కిలోలుంటుంది. ఆపైన రెండు వైపులా ప్లేట్లు తగిలిస్తారు.

పవర్ లిఫ్టింగ్ పోటీల్లో ఉండే మూడు అంశాల్లో ఇదొకటి. బరువు భుజాన వేసుకుని గుంజీలా కూర్చుని లేవడం ఒకటి, నేల మీది బరువుని నడుము దాకా లేపడం ఇంకొకటి. బెంచ్ ప్రెస్‌లో రాడ్డు ఛాతీ మీద కదలకుండా ఆగాలి. రిఫరీ “ప్రెస్” అన్నాకే నెట్టాలి. ఆ ఒక్క క్షణం ఆగడంలోనే సగం ప్రాణం పోతుందంటారు ఎత్తేవాళ్ళు!

మనకిది కష్టంగా అనిపించడానికి కారణం ఉంది. ఇంటి పనుల్లో మనం ఎత్తుతాం, మోస్తాం, లాగుతాం, పిండుతాం. గుండెల మీది బరువుని పైకి నెట్టే పని మాత్రం దాదాపు ఉండదు. పైగా ఆడవాళ్ళకి కాళ్ళలో ఉన్నంత బలం చేతుల్లో, భుజాల్లో ఉండదు. సగటున చూస్తే కాళ్ళ బలం మగవాళ్ళ బలంలో అరవై, డెబ్భై శాతం దాకా ఉంటుంది. పై శరీరంలో మాత్రం సగం నుంచి అరవై శాతమే. ఇది ఒప్పుకోవలసిన నిజం. కాకపోతే ఇది సగటు లెక్క. అభ్యాసం మొదలుపెడితే, ఎవరున్న చోటి నుంచి వాళ్ళు ముందుకెళ్ళడంలో ఆడవాళ్ళేమీ తీసిపోరు.

అత్తగారి పీట

నేను ఈ బల్ల దాకా రావడానికి కారణం మా అత్తగారు. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. ఒకప్పుడు రోలు ముందు కూర్చుంటే రెండు శేర్ల పప్పు రుబ్బి గానీ లేచేవారు కాదు. అలాంటావిడ రెండేళ్ళ కిందట పీట మీద కూర్చుంటే లేవలేకపోయారు. చేతులు నేలకి ఆనించి నెట్టుకుందామన్నా చేతుల్లో సత్తువ లేదు. డాక్టరమ్మగారు చూసి, “జబ్బేం లేదండీ, కండ కరిగిపోయింది” అన్నారు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ముప్ఫై దాటాక కండ పదేళ్ళకి మూడు నుంచి ఎనిమిది శాతం వరకు తగ్గుతుందట. అరవై తర్వాత ఇంకా వేగంగా పోతుంది. నెలసరి ఆగిపోయాక ఎముకలూ గుల్లబారతాయి. వాడని కండ ముందు కరుగుతుంది. బరువు పడని ఎముక ముందు పలచబడుతుంది. నాకు అప్పటికి ముప్ఫై ఆరు. లెక్క వేసుకుంటే గుండె గుభేలుమంది!

మా వీధి చివరి జిమ్‌లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆడవాళ్ళకి. నేర్పించే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. “ఆంటీ, మొదట ఖాళీ రాడ్డే” అంది. ఎనిమిదిసార్లు నెట్టేసరికి చేతులు గడగడలాడాయి. మావారు విని, “ఇక నీతో గొడవపడాలంటే ఆలోచించుకోవాలి” అని నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. “వెళ్ళవే అమ్మాయ్, నాలా పీట మీద ఇరుక్కుపోకు” అన్నారు.

నెల తిరిగేసరికి ఇరవై అయిదు కిలోలు. రెండో నెలకి ముప్ఫై. కండ పెరిగిందా అని అద్దంలో చూసుకుంటే ఏమీ లేదు! మరి బలం ఎక్కడ్నించి వచ్చినట్టు?

బలం కండలోనే లేదు

ఇదే నాకు బాగా నచ్చిన సంగతి. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. మన కండలో వేల పోగులుంటాయి. అలవాటు లేని పని చెబితే మెదడు వాటన్నిటినీ ఒకేసారి పిలవలేదు. కొన్ని కదులుతాయి, కొన్ని ఊరికే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ మెదడుకి పిలవడం తెలుస్తుంది, పోగులకి కలిసి పనిచేయడం అలవాటవుతుంది. అంటే మనకి లేని బలం కొత్తగా రాలేదు, ఉన్నదే బయటికొచ్చింది.

“నీవల్ల కాదు” అని ఇన్నాళ్ళూ విన్నవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత కండ నిజంగానే పెరుగుతుంది, కానీ నెమ్మదిగా. కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు ఇంకా నెమ్మదిగా గట్టిపడతాయి. అందుకే తొందరపడితే భుజం పట్టేస్తుంది. మొదట్లో అయిదేసి కిలోలు పెరిగిన చోట తర్వాత రెండున్నర కిలోలకే నెలలు పడుతుంది.

గ్రీకుల కథొకటి ఉంది. మైలో అనే మల్లుడు ఓ లేగదూడని రోజూ భుజాన మోశాడట. దూడ పెరిగి ఎద్దయ్యేసరికి ఎద్దునీ మోయగలిగాడట. రోజూ కాస్త కాస్త పెంచుకోవాలన్న నీతి బాగుంది. కానీ రోజుకింత పెంచుకుంటూ పోవడం ఎల్లకాలం జరగదు. ఏదో ఓ రోజు మైలో అయినా ఆగాల్సిందే!

నా సంగతే చూడండి. ఏడాది తిరిగేసరికి నలభై కిలోలు ఎత్తాను. తర్వాత నలభై రెండున్నర దగ్గర నాలుగు నెలలుగా ఆగిపోయాను. రాడ్డు ఛాతీ మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేస్తుంది, అక్కడే నిలబడిపోతుంది. చాలామందికి బరువు ఆగిపోయేది ఆ చోటే. అప్పుడు “నావల్ల కావట్లేదు” అంటాను. వెనకే నిలబడి ఉన్న అమ్మాయి రెండు చేతులూ వేసి రాడ్డుని స్టాండు మీదకి చేర్చేస్తుంది. “ఇవాళ్టికి ఇంతే ఆంటీ” అని నోటుబుక్కులో రాస్తుంది. కోప్పడదు, ఎగతాళి చేయదు.

సిడ్నీలో రెండున్నర కిలోలు

బలం హద్దు గురించి మాట్లాడుకునేటప్పుడు మన కరణం మల్లీశ్వరిని తలచుకోకుండా ఎలా? శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ. ఆమెది బెంచ్ ప్రెస్ కాదు, నేల మీది బరువుని తలపైకి లేపే వెయిట్ లిఫ్టింగ్. 1994, 1995 ప్రపంచ పోటీల్లో బంగారు పతకాలు తెచ్చింది.

ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1896లోనే బరువులెత్తారు. ఆడవాళ్ళకి ఆ అవకాశం దొరికింది 2000లో, సిడ్నీలో. నూట నాలుగేళ్ళు పట్టింది! ఆ సెప్టెంబరు 19న మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో బరిలో దిగింది. ఒక ఊపున ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. ముందున్న చైనా, హంగరీ అమ్మాయిలిద్దరివీ 242.5. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలు పెట్టించుకుంది. లేస్తే బంగారం. లేవలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

ఆ రాత్రి ఆమె ఓడిపోయిందని ఎవరైనా అంటారా? హద్దు దాకా వెళ్ళి, దాన్ని తాకి వచ్చిన మనిషి ఆమె. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 కిలోలతో రజతం తెచ్చింది. ఒకరు తాకిన హద్దు మరొకరికి మెట్టవుతుంది.

బెంచ్ ప్రెస్ విషయానికొస్తే పశ్చిమ బెంగాల్‌కి చెందిన సకీనా ఖాతున్ ఉంది. చిన్నప్పుడే పోలియో. పారా పవర్ లిఫ్టింగ్‌లో ఉండేది బెంచ్ ప్రెస్ ఒక్కటే, కాళ్ళ బలంతో పని లేకుండా చేతులతోనే తేల్చుకోవాలి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆమె కాంస్యం గెలిచింది. టోక్యో పారాలింపిక్స్‌లో 50 కిలోల విభాగంలో 93 కిలోలు ఎత్తి అయిదో స్థానంలో నిలిచింది. తన ఒంటి బరువుకి దాదాపు రెట్టింపు! ఆ పిల్లకి చిన్నతనంలో “నీవల్ల కాదు” అని ఎంతమంది చెప్పి ఉంటారో ఊహించండి.

మన భయాలు

“కండలు తిరిగి మగాడిలా అయిపోతామేమో!” అన్నది మొదటి భయం. కాం. మగవాళ్ళలో కండని పెంచే టెస్టోస్టిరాన్ మనలో చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తితే ఒళ్ళు గట్టిపడుతుందే తప్ప పహిల్వానులం అయిపోం.

“గర్భసంచి జారిపోతుంది” అన్నది రెండో భయం. దీన్ని కొట్టిపారేయకూడదు. కాన్పుల తర్వాత పొత్తికడుపు కింది కండరాలు వదులైనవాళ్ళు, గర్భసంచి జారినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు డాక్టరుని అడగకుండా బరువు ముట్టుకోకూడదు. ఊపిరి బిగబట్టి ఎత్తితే పొట్టలో ఒత్తిడీ, రక్తపోటూ పెరుగుతాయి. దించేటప్పుడు గాలి పీల్చి, నెట్టేటప్పుడు వదలడం మనలాంటివాళ్ళకి క్షేమం. అయినా ఒక్క మాట... నీళ్ళ బిందె ఎత్తినప్పుడు గుర్తుకురాని గర్భసంచి జిమ్ పేరెత్తగానే అందరికీ ఎందుకు గుర్తొస్తుందంటారు?

మొదలుపెట్టాలనుకుంటే...

ఇరవై కిలోల రాడ్డు బరువనిపిస్తే చిన్న డంబెల్స్‌తో మొదలుపెట్టండి. ఇంట్లోనే అయితే గోడకి చేతులానించి ఒంటిని ముందుకీ వెనక్కీ నెట్టండి. గోడ తేలికయ్యాక వంటింటి గట్టు, ఆ తర్వాత నేల. అదే కండరాలకి పని. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు డాక్టరు చెప్పిన మేరకే చేయాలి. కండరాలకి పని చెప్పే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులైనా చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మధ్యలో విశ్రాంతి కూడా వ్యాయామంలో భాగమే, కండ బాగుపడేది అప్పుడే. పప్పు, గుడ్డు, పెరుగు... అందరికీ వడ్డించాక మిగిలింది కాకుండా, మీ వాటా మీరు తినండి.

రాడ్డు పట్టుకుంటే బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోండి. వెనక మనిషి లేకుండా బల్ల మీద పడుకోవద్దు. ఎంత మొనగాళ్ళకైనా ఈ నియమం తప్పదు. 2021లో ఏ ప్రత్యేక చొక్కా సాయమూ లేకుండా 355 కిలోలు ఎత్తిన అమెరికన్ జూలియస్ మాడక్స్ చుట్టూ కూడా పట్టుకోవడానికి మనుషులు నిలబడ్డారు. హద్దు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదని ఈ ఆటకి తెలుసు.

మన ఇళ్ళకే ఇంకా తెలియలేదు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండు దాకా బరువు మోసే ఆడది “ఇక నావల్ల కాదు” అంటే, అది తప్పయిపోతుంది. బద్ధకం అంటారు, పెంకితనం అంటారు. బల్ల దగ్గరైతే అదే మాట ఒక కొలత. ఇవాళ్టికి ఇంత, మళ్ళీ రేపు చూద్దాం అని. ఆ మాట వినగానే వెనకనుంచి రెండు చేతులొస్తాయి.

కాబట్టి “నీవల్ల కాదు” అని ఎవరైనా అంటే నమ్మకండి, ఎత్తి చూడండి. “నావల్ల కాదు” అని మీ ఒళ్ళే చెబితే మాత్రం నమ్మండి. సిగ్గుపడకుండా పైకి చెప్పండి. మీ ఇంట్లో ఆ మాట ఇంకెవరైనా అంటే, వెళ్ళి వెనక నిలబడి ఓ చెయ్యి వేయండి.