పళ్లెంలో చింతతోపు

అల్వాల్ దాటి, హకీంపేట, తూంకుంట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట వైపు వెళ్తుంటే అపార్ట్‌మెంట్లకూ ఫంక్షన్ హాళ్లకూ మధ్య ఇంకా కొన్ని గుండ్లు మిగిలే ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు అది. ఎప్పుడైనా బండి ఆపి ఆ గుండ్ల పగుళ్లలోకి చూడండి. ఏ పక్షో వేసిన విత్తనం మొలిచి ఒక రావి నిలబడి ఉంటుంది. ఎత్తు మనిషి నడుము దాటదు, మొదలు మాత్రం మోచెయ్యంత లావు. దానికి దొరికింది పిడికెడు మట్టి, ఏడాదికి నాలుగు నెలల వాన, మిగతా ఎనిమిది నెలలూ కాలే రాయి. అదే విత్తనం చెరువు కట్ట మీద పడి ఉంటే ఈపాటికి దాని కింద రచ్చబండ కట్టేవాళ్లు. జాతి ఒకటే, గింజ ఒకటే. దొరికిన చోటే వేరు.

బోన్సాయ్ అనగానే అదేదో పొట్టి జాతి మొక్క అనుకుంటారు చాలామంది. కాదు. పళ్లెంలోంచి తీసి నేలలో పాతితే నాలుగేళ్లలో మామూలు చెట్టయిపోతుంది. వేళ్లకు చోటు తగ్గించి, కొనలు తుంచుతూ ఉంటే ఆకు కూడా చిన్నదవుతుంది. విచిత్రమేమిటంటే, ఆకు తగ్గినట్టు పువ్వూ కాయా తగ్గవు. జానెడు దానిమ్మ బోన్సాయ్‌కి కాయ కాస్తే అది బజారులో దొరికే కాయంత పెరగాలనే చూస్తుంది, కొమ్మ వంగిపోతుంది. తెలిసినవాళ్లు ఒకటి ఉంచి మిగతావి తీసేస్తారు.

ఒంటి చెట్టు బోన్సాయ్ సంగతి ఇంతే. అసలు వింత దాన్ని అడవిగా నాటినప్పుడు మొదలవుతుంది. ఒకే పళ్లెంలో అయిదో, ఏడో, తొమ్మిదో మొక్కలు పెట్టి, చూసేవాడికి ఊరవతల తోపు కనిపించేలా చెయ్యడం. జపాన్ వాళ్లు దీన్ని యోసె-ఉయె అంటారు. నాటడం ఒక పూట పని. కత్తిరించడం నేర్చుకోవడానికి మాత్రం పుస్తకం కన్నా అడవే మంచి గురువు. మేడ్చల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆ గురువు దగ్గర్లోనే ఉంది.

దూలపల్లిలో అటవీ అకాడమీ చుట్టూ ఉన్న అడవి గానీ, కండ్లకోయ దగ్గర హైవే పక్కనున్న ఆక్సిజన్ పార్కు గానీ, శామీర్‌పేట జింకల పార్కు గానీ, ఏదైనా ఒకటే. చెట్లు గుబురుగా ఉన్నచోట అంచున నిలబడి ముందు బయటి వరస చూడాలి, తరవాత లోపలికి నడవాలి. అంచు చెట్టుకు కొమ్మలన్నీ బయటి వైపే, అవీ నేల దగ్గర నుంచే ఉంటాయి. లోపలి వైపు బోడి. మధ్యలో ఉన్న చెట్టుకు పైన మాత్రమే గొడుగు, కింద అంతా బరిబాత మాను. ఎవరూ కొడవలి పెట్టలేదు. నీడ పడిన కొమ్మ తన తిండి తాను వండుకోలేక ఎండి రాలిపోయిందంతే. అడవిలో కత్తెర పేరు నీడ.

దీనిలో ఇంకో విశేషం ఉంది. పక్క చెట్టు నీడ తన మీద పడకముందే మొక్కకు ఆ సంగతి తెలిసిపోతుంది. ఆకుపచ్చటి ఆకులు ఎర్రటి కాంతిని తాగేసి, మన కంటికి ఆనని దూర ఎరుపు కాంతిని వెనక్కి కొడతాయి. ఆ రెండింటి నిష్పత్తిని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే పదార్థం మొక్కల్లో ఉంది. పక్కన పోటీదారు ఉన్నాడని తెలియగానే మొక్క పక్క కొమ్మల ఖర్చు తగ్గించుకుని పైకి సాగుతుంది. పళ్లెంలో దగ్గర దగ్గరగా పెట్టిన మొలకలు సన్నగా, నిటారుగా పెరిగేది అందుకే. తోపు తీరు సగం అవే తెచ్చుకుంటాయి, మనం చేసేది మిగతా సగం.

నీడతోపాటు పని చేసే కత్తెరలు ఇంకా ఉన్నాయి. మేకలు రోజూ మేసే గుట్ట మీద బలుసు, పరికి, రేగు పొదలు చూడండి. కొన కొరికినప్పుడల్లా కింద రెండు మొగ్గలు లేస్తాయి. అవీ కొరికితే నాలుగు. కొన్నేళ్లకు ఆ పొద చెయ్యి దూరనంత చిక్కగా అయి, మొదలు మాత్రం ముసలి మానులా మెలితిరిగి ఉంటుంది. చుక్కల జింకలు ఉన్న అడవిలో చెట్ల కింద ఒక గీత కనిపిస్తుంది. జింక మెడ చాచితే అందినంత మేరా ఆకు ఉండదు, ఆ పైన దట్టంగా ఉంటుంది. తాడు పట్టి కోసినట్టుండే ఆ గీత చూశాక, బోన్సాయ్ తోపులో కింది ఆకు ఎంత ఎత్తు వరకు తియ్యాలన్న సందేహం నాకు మళ్లీ రాలేదు.

ఇక మన తోపుకు ఏ చెట్టు? కంపెనీ పళ్లాల్లో చైనా ఫైకస్‌లూ, జేడ్‌లూ పెట్టి అమ్ముతున్నారు, పెరగడం సులువే. నా ఓటు మాత్రం చింతకు. గింజలకు ఖర్చు లేదు, ప్రతి వంటింట్లోనూ ఉన్నాయి. నానబెట్టి కవర్లలో వేస్తే కొద్ది రోజులకే మొలుస్తాయి. ఆకు పుట్టుకతోనే చిన్న చిన్న రేకులుగా ఉంటుంది కాబట్టి కొలత కుదురుతుంది. బెరడు తొందరగా నెర్రెలిచ్చి ముసలితనం వస్తుంది. పైగా తెలంగాణ పల్లెలో తోపు అంటే ముందు గుర్తొచ్చేది చింతతోపే. జమ్మి మన రాష్ట్ర వృక్షం, ఆకు ఇంకా చిన్నది, అందం కూడా ఎక్కువే. కానీ అది ఏ నీళ్లను వెతుక్కుంటూనో తల్లివేరును పాతాళానికి దించే రకం, పళ్లెంలో దాన్ని ఒప్పించడం కష్టం. చింతకూ తల్లివేరు ఉంటుంది, మొలక పసిగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తే పక్క వేళ్లు పరుచుకుంటాయి.

నర్సరీలో మంచి మొక్కలు ఏరుకోనక్కర్లేదు. ఒంటిగా పెడితే ఎవరూ చూడని మొక్కలు, ఒక పక్కనే కొమ్మలున్నవి, వంకర పోయినవి, సన్నపాటివి, ఇవే తోపుకు కావాలి. ఒక పక్కన బోడిగా ఉన్నదాన్ని ఆ బోడి లోపలికి తిప్పి అంచున పెట్టండి, పని అయిపోయింది.

పళ్లెం బదులు రెండు వేళ్ల మందం తాండూరు బండ వాడితే ఇంకా బాగుంటుంది. అంచు వెంట చెరువు నుంచి తెచ్చిన బంకమట్టిలో కొబ్బరి పొట్టు కలిపి గట్టు పెట్టాలి. లోపల ఉత్త ఎర్రమట్టి పోస్తే రెండు వానలకే సిమెంటయిపోతుంది. ఇటుక ముక్కలు, ముతక ఇసుక, వర్మీ కంపోస్టు కలిపితేనే నీరు దిగుతుంది, వేరు ఊపిరి పీలుస్తుంది. అన్నిటికన్నా లావుగా, ఎత్తుగా ఉన్న మొక్కను ముందు పెట్టాలి, నడిమధ్యలో కాదు, ఒక పక్కకు జరిపి. దాని చుట్టూ మిగతావి. ఏ మూడూ ఒక వరసలో నిలవకూడదు, ఎదురుగా చూస్తే ఏదీ ఇంకోదాని వెనక దాక్కోకూడదు. వెనక వైపు సన్నవి పెడితే దూరం కనిపిస్తుంది. రెండు గుంపులు చేసి మధ్యలో కొంచెం ఖాళీ వదిలితే ఆ ఖాళీలోంచి కాలిబాట ఉన్నట్టే అనిపిస్తుంది. సరి సంఖ్య వద్దంటారు. డజను దాటాక ఎవరూ లెక్కపెట్టరు, ఆ నియమం కూడా ఉండదు.

మొదటి ఏడాది కత్తెర జోలికి పోకూడదు. వేళ్లు ఒకదాన్నొకటి అల్లుకుని, బండ మీద ఒకే చాపగా అయ్యాక అసలు పని మొదలు.

చింత కొమ్మను చేత్తో పట్టుకుని దగ్గరగా చూడండి. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ప్రతి ఆకు చంకలో ఆవగింజ కన్నా చిన్న మొగ్గ ఉంటుంది. కొన ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ మొగ్గల్ని అణిచిపెడుతుందని పాఠాల్లో చదువుకున్నాం. 2014లో బఠాణీ మొక్కల మీద చేసిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. కొన తీసేసిన కొద్ది గంటల్లోనే అది మింగేస్తున్న చక్కెర కింది మొగ్గలకు మళ్లుతుంది, మొదట వాటిని లేపేది ఆ చక్కెరేనట. ఏదైతేనేం, ఆరేడు ఆకులు వేశాక రెండు ఉంచి కోస్తే, ఆఖరి ఆకు ఏ దిక్కు చూస్తోందో కొత్త కొమ్మ ఆ దిక్కుకే బయలుదేరుతుంది. అంటే కత్తెర పెట్టే ముందు చూడాల్సింది కొమ్మను కాదు, ఆ ఆకును. అది బయటికి చూస్తుంటే కోయండి. లోపలికి చూస్తుంటే ఇంకో ఆకు కిందికి దిగండి.

మేడ్చల్ రోడ్డు నర్సరీలో ఒక మాలి దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. “సారూ, నడిమిట్ల చెట్టుకు కింది కొమ్మ ఎందుకు? ఎండ తాకదు, ఊకె తిండి దండుగ.” ఫైటోక్రోమ్ పేరు వినకపోయినా నీడ లెక్క అతనికి కంఠతా వచ్చు.

లోపలి చెట్లకు కింది కొమ్మలు తియ్యాలి. అంచు చెట్లకు బయటివి ఉంచి, లోపలివి తియ్యాలి. ఏ చెట్టూ పెద్దదాని ఎత్తు దాటకూడదు. దూరం నుంచి చూస్తే తొమ్మిది తలలు కాక, ఒకే పెద్ద గొడుగు అంచు కనిపించాలి. చాలామంది ఒక్కో చెట్టునూ విడిగా అందంగా తీర్చబోతారు. అప్పుడు తొమ్మిది బోన్సాయ్‌లు ఇరుక్కుని నిలబడినట్టు ఉంటుంది తప్ప తోపు కాదు. తీగ చుట్టడం చింతలో పెద్దగా అక్కర్లేదు. కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడే అల్యూమినియం తీగతో వంచాలి, ముదిరాక పుటుక్కున విరుగుతుంది. వానాకాలంలో చుట్టిన తీగ వారం వారం చూసుకోవాలి, బెరడులోకి దిగబడిపోతే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు.

జువ్వి, రావి లాంటివి నాటినవాళ్లు ఆకు పూర్తిగా దూసేస్తారు, తరవాత వచ్చే ఆకు చిన్నదవుతుంది. కొత్త విద్యేమీ కాదు. చలికాలంలో మల్లె పొదకు కొమ్మ కోసి, ఆకు దూయడం మన పెరళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. చింత చిగురు కోయడమూ అలాంటిదే. ఎండాకాలంలో కోసినకొద్దీ మళ్లీ వేస్తుంది. పళ్లెం తోపులోనూ ఆ చిగురు తుంచుతూ ఉండాలి. పప్పులోకి చాలదు, నోట్లో వేసుకుంటే పులుపు మాత్రం పెద్ద చెట్టు పులుపే.

పొద్దువాలాక ఇంకో వింత. చింత ఆకులు రెండు వరసల రేకుల్నీ దగ్గరకు తెచ్చుకుని ముడుచుకుంటాయి. పెద్ద చెట్టు కింద నిలబడితే ఇది ఆనదు. పళ్లెంలో మొత్తం తోపు కళ్లెదుటే సన్నబడిపోతుంది, పగలు కనపడని కొమ్మల అల్లిక అంతా బయటపడుతుంది. కత్తిరింపులో తప్పు ఎక్కడుందో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి వేళ లేదు. రెండు కొమ్మలు రాసుకుంటున్నాయా, ఒకటి పక్కదాని మీద అడ్డం పోతోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. టార్చి లైటు పట్టుకుని దారం కట్టి గుర్తు పెట్టుకుంటే పొద్దున కోయవచ్చు.

ఈ కళలో అందరూ తలచుకునే అడవి అమెరికాలో ఉంది. అక్కడి బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా 1948లో రెండు జూనిపర్ మొక్కలతో మొదలుపెట్టి, 1964 నాటికి ఏడింటిని ఒక్క పళ్లెంలో కూర్చాడు. మనవడికో మనవరాలికో ఒకటి చొప్పున. కుటుంబం పెరిగినకొద్దీ చెట్లూ పెరిగి పదకొండయ్యాయి. గోషిన్ అని పేరు పెట్టి 1984లో ఇచ్చేశాడు, ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఉంది. మన దగ్గర దీనికి తలకిందులుగా ఒకటుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు అయిదెకరాల అడవిలా కనిపిస్తుంది, చెట్టు మాత్రం ఒక్కటే. ఊడలన్నీ మానులైపోయాయి. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ కిటుకు పళ్లెంలోనూ చెయ్యవచ్చు. ఒక జువ్విని పక్కకు పడుకోబెట్టి, కింది కొమ్మలు తీసేసి, మానును మట్టిలో సగం పూడిస్తే, పై కొమ్మలన్నీ నిటారుగా లేచి వేరువేరు చెట్లయిపోతాయి. గాలివానకు పడిన చెట్టు అడవిలో చేసేదీ అదే.

చెట్టును ఇలా హింసించడం పాపం కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంట్లో ఉంటే ఎదుగుదల ఆగిపోతుందనే వాస్తు మాట కూడా వినిపిస్తుంది. రెండో దానికి నా దగ్గర జవాబు లేదు. మొదటిదానికి ఉంది. హిరోషిమాలో యమాకి కుటుంబం పెంచిన పైన్ 1625 నుంచి కుండీలోనే ఉంది, 1945 బాంబునూ తట్టుకుంది, 1976లో అమెరికాకు కానుకగా వెళ్లి ఇవాళ్టికీ చిగురిస్తోంది. హింసతో మూడొందల తొంభై ఏళ్లకు పైగా బతకడం ఏ ప్రాణికీ సాధ్యం కాదు. హింస ఉందీ అంటే అది మన నిర్లక్ష్యంలోనే ఉంది. రోహిణి కార్తె ఎండలో ఒక్క పూట నీళ్లు మరిచిపోతే తోపంతా పోతుంది. బండ కాలుతుంది, మట్టి అరచేతి మందమే. ఆ పదిహేను రోజులూ షేడ్ నెట్ కింద పెట్టి రెండు మూడు పూటలు తడపాలి. మా వైపు బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు పట్టుకున్నవాళ్ల తోపు పచ్చదనమే వేరు. శివరాత్రి దాటాక చిగురు రాకముందు ఒకసారి, మృగశిర పడి నేల చల్లబడ్డాక ఇంకోసారి పెద్ద కత్తిరింపులకు అనువైన రోజులు. చలికాలంలో చింత మందగిస్తుంది, దాన్ని దాని మానాన వదిలెయ్యడమే మేలు.

ఎప్పుడో ఒకప్పుడు తోపులో ఒక చెట్టు చనిపోతుంది, తరచుగా మధ్యలో ఉన్న సన్నదే. వెంటనే పీకకూడదు. వేళ్లన్నీ కలిసిపోయి ఉంటాయి, దాన్ని లాగితే పక్కవీ కదిలిపోతాయి. మొదటికి కోసి మోడు ఉంచేస్తే, ఆ ఖాళీలోంచి దిగిన వెలుతురుకు చుట్టూ ఉన్నవాటి నిద్రమొగ్గలు లేస్తాయి, కొన్ని నెలల్లో లోపలి వైపు కొత్త కొమ్మలు వస్తాయి. వాటిలో ఏవి ఉంచాలో అప్పుడు చూసుకోవచ్చు. చింత అయితే చేవ గట్టిది, ఆ మోడు ఏళ్ల తరబడి నిలుస్తుంది. జువ్వి మోడు మెత్తది, రెండు వానాకాలాలు చూసేసరికి పుచ్చిపోతుంది.