పలుగూ పారా లేని గుర్తు
ఔత్సాహిక పురావస్తు బృందానికి లోగో ఎలా ఉండాలి?

సెలవు రోజుల్లో ఊళ్ల వెంట తిరిగి వీరగల్లులు, శాసనాలు, రాతి చిత్రాలు, ప్రాచీన సమాధుల వివరాలు నమోదు చేసే స్వచ్ఛంద బృందాలు దేశంలో చాలాచోట్ల ఉన్నాయి. బృందం ఏర్పడిన కొద్ది రోజులకే దానికి ఒక లోగో అవసరమవుతుంది. గుర్తింపు కార్డు మీద, బ్యానర్ మీద, ఫోన్‌లో పంపే ఫొటోల మీద అదే కనిపిస్తుంది. పొలం గట్టున నిలబడిన రైతు వారి మాట వినేముందే ఆ బొమ్మను చూస్తాడు. వీళ్లెవరు, మన చేలో ఏం చేయబోతున్నారు అన్న ప్రశ్నకు అతనికి దొరికే మొదటి జవాబు అదే. ఆ జవాబు తప్పయితే నష్టం బృందానికి మాత్రమే కాదు, ఊరి చరిత్రకూ కలుగుతుంది.

తవ్వకం వారి పని కాదు

పురావస్తు శాస్త్రం అనగానే చాలామందికి తాపీ, పలుగు, పార గుర్తొస్తాయి. లోగోల్లోనూ అవే కనిపిస్తుంటాయి. మన దేశంలో స్వచ్ఛంద బృందానికి ఇవి సరిపడవు. పురావస్తు తవ్వకాలకు అనుమతి తప్పనిసరి. రక్షిత ప్రాంతాల బయట తవ్వాలన్నా రాష్ట్ర ప్రభుత్వాలు సైతం ముందుగా కేంద్రం ఆమోదం పొందాలని 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం చెబుతోంది. ఔత్సాహికుల పని చూడడం, కొలవడం, ఫొటో తీయడం, ఉన్నచోటు రాసుకోవడం, అధికారులకు తెలియజేయడం. లోగోలో పార ఉంటే చేయని పనిని, చేయకూడని పనిని చేస్తామని చెప్పుకున్నట్టవుతుంది.

దీనికి శాస్త్రీయ కారణం కూడా ఉంది. నేలలోని వస్తువు వయసు, వాడకం తెలియాలంటే అది ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన ఉందో తెలియాలి. ఒకసారి పెకలించాక ఆ పొరను మళ్లీ పేర్చలేం.

లంకెబిందెల భయం

తెలుగు నేల మీద మరో చిక్కుంది. పాత గుళ్లలో, రాళ్ల కింద లంకెబిందెలు ఉంటాయన్న నమ్మకంతో గుప్తనిధుల వేటగాళ్లు నంది విగ్రహాలను పగలగొట్టడం, సమాధుల రాళ్లను పెకలించడం తరచూ వార్తల్లో చూస్తున్నదే. అందువల్ల నిండు కుండ బొమ్మ ఎంత అందంగా ఉన్నా అపార్థానికి దారి తీయవచ్చు. దానికి బదులు పగిలిన కుండ పెంకు మేలు. పురాతన స్థలాల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది అదే. అమ్ముకుంటే పైసా రాదు, చదవగలిగితే కాలం చెబుతుంది.

ప్రభుత్వ చిహ్నాలకు దూరంగా

పూర్ణఘటానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలో ఉంది. కాకతీయుల తోరణం తెలంగాణ చిహ్నంలో ఉంది. వీటిని పోలిన లోగో చూస్తే బృందాన్ని సర్కారు మనుషులనుకుంటారు. భూమి పోతుందన్న భయంతో రైతు తన పొలంలోని రాతి సంగతి దాచవచ్చు. నాలుగు సింహాల చిహ్నాన్ని గానీ దాని అనుకరణను గానీ ప్రభుత్వ సంబంధం ఉందనిపించేలా వాడడాన్ని 2005 నాటి చట్టం నిషేధించింది.

ఇన్‌టాక్ ఎంచుకున్న బొమ్మ

ఈ విషయంలో గమనించదగ్గ ఉదాహరణ 1984లో ఢిల్లీలో ఏర్పడిన వారసత్వ సంస్థ ఇన్‌టాక్. సభ్యుల స్వచ్ఛంద కృషి మీద నడిచే ఈ సంస్థ చిహ్నానికి మూలం ఉత్తరప్రదేశ్‌లోని షాహాబాద్‌లో దొరికిన రాగి మనిషి బొమ్మ. గంగా మైదానంలో బయటపడిన తామ్ర నిధుల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. అర్ధచంద్రంలాంటి తల, లోపలికి వంగిన చేతులు, ఎడంగా చాచిన కాళ్లు వీటి ఆకారం. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటివని అంచనా.

లోగోగా ఇది ఇమడడానికి కారణం దాని రూపంలోనే ఉంది. ఇది బల్లపరుపు రాగి వస్తువు. అంచు గీత గీస్తే వస్తువు ఇంచుమించు మొత్తం వచ్చేసినట్టే. అన్ని వస్తువులకూ ఈ వీలుండదు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించిన రాతి పనిముట్టు భారత ప్రాచీన శిలాయుగ అధ్యయనానికి నాంది పలికింది. ఆ యుగపు చేతిగొడ్డలి అంచు మాత్రమే గీస్తే ఆకులానో నీటిబొట్టులానో కనిపిస్తుంది. పెచ్చులు లేచిన మచ్చలు గీస్తేనే మనిషి చెక్కిన రాయి అని తెలుస్తుంది.

ఆ రాగి బొమ్మ ఎందుకు చేశారో ఇప్పటికీ తేలలేదు. విసిరే ఆయుధమని కొందరు, పూజావస్తువని కొందరు భావించారు. తామ్ర నిధుల్లో చాలావరకు దుక్కిలోనో మట్టి పనుల్లోనో అనుకోకుండా బయటపడినవే. ఏ పొరలో, దేని పక్కన ఉండేవో రాసుకున్నవారు లేరు. పొర పోతే ప్రశ్న ఎంతకాలం మిగిలిపోతుందో ఆ బొమ్మే చెబుతుంది.

చుక్కలు జరపకూడదు

తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడి ఒక బండ మీది చిన్న గుంతలు సప్తర్షి మండలాన్ని సూచిస్తాయని పరిశోధకులు గుర్తించారు. ఇలాంటి చుక్కల వరుస లోగోకు బాగుంటుంది. అయితే చూడ్డానికి పొందికగా ఉండాలని చుక్కలను కాస్త అటూ ఇటూ జరిపితే ఆధారమే మారిపోతుంది. అందువల్ల నేరుగా పైనుంచి, కొలబద్ద పెట్టి తీసిన ఫొటో మీదనే గీత గీయాలి. పక్కనుంచి తీసిన ఫొటోలో దూరాలు కుదించుకుపోతాయి.

అక్షరాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. బ్రాహ్మి లిపి రూపం శతాబ్దాల పొడవునా మారుతూ వచ్చింది. భట్టిప్రోలు ధాతు పేటికల మీది కొన్ని అక్షరాలు అశోకుని శాసనాల్లోని అక్షరాలకు భిన్నంగా ఉంటాయి. కంప్యూటర్‌లో దొరికిన ఫాంటుతో పేరు రాసేసి దాన్ని స్థానిక లిపి అనడం సరికాదు.

నలుపు, ఎరుపు

రంగులకు కూడా నేల నుంచే ఆధారం దొరుకుతుంది. దక్షిణ భారత బృహత్ శిలాయుగపు సమాధుల్లో నలుపు-ఎరుపు కుండలు విరివిగా లభిస్తాయి. కాల్చేటప్పుడు గాలి తగిలిన భాగంలో మట్టిలోని ఇనుము ఆక్సీకరణం చెంది ఎర్రబడింది. కుండను బోర్లించడం వల్ల గాలి అందని లోపలి భాగం, అంచు నల్లబడ్డాయని సాధారణంగా వివరిస్తారు. రెండే రంగులు కాబట్టి అచ్చు ఖర్చు కూడా తక్కువ. కానీ కొన్ని రకాల వర్ణాంధత్వం ఉన్నవారికి ఎరుపు ముదురుగా, నలుపుకు దగ్గరగా కనిపిస్తుంది. రెండిటి మధ్య సన్నని తెల్ల గీత ఉంచితే ఆ ఇబ్బంది తీరుతుంది.

మూడు పరీక్షలు

గీసిన లోగోను ఖరారు చేసేముందు మూడు పరీక్షలు పెట్టవచ్చు. ఒక సెంటీమీటరుకు కుదించి రబ్బరు స్టాంపులా ఒకే సిరాతో ముద్రించినా గుర్తుపట్టగలగాలి. అసలు వస్తువు ఏది, ఎక్కడిది, ఎంత పరిమాణంలో ఉంది అన్న వివరం బృందం దగ్గర రాతపూర్వకంగా ఉండాలి. ఇక మూడోది, పురావస్తు శాస్త్రంతో పరిచయం లేని ఊరివారికి చూపి వీళ్లు ఏం చేస్తారనుకుంటున్నారని అడగాలి. తవ్వుతారనో, నిధులు వెతుకుతారనో చెబితే బొమ్మ మార్చాల్సిందే. పెంకు పక్కన చిన్న కొలబద్ద ఉన్న బొమ్మ చూసి పాత వస్తువులు కొలిచి రాసుకుంటారని చెబితే ఆ గుర్తు తన పని చేస్తున్నట్టే.