పన్నెండేండ్ల పూత

పెరటిలో మల్లె ఒక్క వేసవి పూయకపోతే ఇల్లాలు నొచ్చుకుంటుంది. కేరళలో మూన్నారు కొండలమీద నీలకురింజి అనే పొద పన్నెండేండ్లకొకసారి పూస్తుంది. పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. దానికి రెండవ పూత లేదు.

గంటలవంటి ఊదానీలి పూలు. ఒక్కటిగా చూస్తే విశేషమేమీ లేదు. కాని ఆ ఏడు శ్రావణ భాద్రపదాల్లో కొండకు కొండే ఒక్కసారిగా పూస్తుంది. నీలగిరికి ఆ పేరు ఈ పూలవల్లనే వచ్చిందంటారు. ప్రాచీన తమిళ కవులు కొండసీమనే కురింజి అని పిలిచారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ చూపుమీద కొంచెం అసూయే సుమా!

పూత అదునుకు తేనెటీగలు ముసురుతాయి. చెట్టుతొర్రల్లో పట్టుపెట్టే మన చిన్న ఈగలే ఎక్కువ. ఇందులో ఒక చిత్రం ఉంది. పనిచేసే ఈగ ఆయువు కొన్ని వారాలే. 2018లో ఆ పూలమీద వాలిన ఈగ 2006 నాటి పూతను ఎరుగదు. పెద్దలెవరూ చెప్పనూలేదు. అయినా వేళకు వచ్చి పుప్పొడి మోసింది. అన్ని గింజలు ఒకేసారి రాలితే పురుగులూ పిట్టలూ తినగా మిగిలినవి మొలుస్తాయని శాస్త్రజ్ఞుల ఊహ.

పురుగులూ పిట్టలూ తిన్నది పోనీ, చూడవచ్చినవారు గుత్తులు తెంపుకుపోతేనో? తెంపిన పూవుకు గింజ లేదు. తేయాకు, యూకలిప్టస్ తోటలు ఇప్పటికే చాలా మేర మింగాయి. 2006లో కేరళ ప్రభుత్వం కురింజిమల అభయారణ్యాన్ని ప్రకటించింది. లెక్క ప్రకారం మూన్నారులో మళ్ళీ పూత 2030లో. వెళ్ళేవారు పూలసజ్జ ఇంటివద్దనే ఉంచండి.