గనిలో గాలి: పంకాల భద్రతపై ప్రభుత్వ పర్యవేక్షణ

చిరకాలముగా వాడుకలో లేని నూతిలోనికి దిగినవారు ఊపిరాడక మరణించిన వార్తలు మన గ్రామములలో అప్పుడప్పుడు వినబడుచుండును. జొన్నలు నిలువచేసిన పాతర మూత తీసిన వెంటనే పెద్దలెవరును మనిషిని అందులోనికి దింపరు. కొంతసేపు గాలి సోకనిచ్చిన పిదపనే దింపుదురు. గాలి ఆడని చోట చెడుగాలి చేరునను సత్యము మన రైతులకు అనుభవమువలన తెలిసినదే. బొగ్గుగనికిని ఇదియే వర్తించును. అయితే నూతిలోనికి దిగువారు ఒకరో ఇద్దరో. పెద్ద గనిలోనికి ఒక్కొక్క షిఫ్టునకు వందలమంది దిగుదురు. పాతర లోతు కొన్ని మూరలు మాత్రమే. గనిలో పనిచేయు స్థలము ముఖద్వారమునకు కిలోమీటర్ల దూరమున ఉండవచ్చును.

మన ప్రాంతములో ఇల్లందు వద్ద బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమైనది. నాటినుండి సింగరేణి గనులచుట్టునుగల గ్రామములనుండి తరతరములుగా యువకులు ‘బాయి’లోనికి దిగుచున్నారు. వారు క్షేమముగా ఇంటికి వచ్చుటకు ఆధారమైన గాలి ఏర్పాటు ఎట్టిది, దానిని ప్రభుత్వము ఎట్లు కనిపెట్టియుండును అను విషయములను పంచాయతీ సభ్యుల ఎరుకకై ఇచట వివరింపదలచితిమి.

గనిలో చేరు చెడుగాలులు

బొగ్గుపొరలలో మీథేను అను వాయువు ఇమిడియుండును. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె తేలిక యగుటచే ఇది గని పైకప్పు నంటి చేరును. గాలిలో దీని పాలు నూటికి 5 మొదలు 15 వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినను ప్రేలును. ఆ ప్రేలుడు గాలికి నేలపైనున్న బొగ్గుధూళి లేచి అదియు అంటుకొన్నచో మంట గని యంతయు వ్యాపించును. కావుననే నూతిలోనికి దీపము దింపి చూచు పాత పద్ధతి గనిలో పనికిరాదు. అచట తెరచిన దీపమే మృత్యువు కాగలదు.

బొగ్గుపులుసు వాయువు బరువైనది. పల్లపుచోట్ల నిలిచి ఊపిరిని అడ్డును. మంటలు, ప్రేలుళ్ల వెనుక పుట్టు కార్బన్ మోనాక్సైడు వీనికంటె కపటమైనది. ఇది కొద్దిపాటి ఉన్నను రక్తములో చేరి ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. బొగ్గు తానుగా గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని వేడెక్కి, ఎవరును నిప్పు పెట్టకయే రాజుకొనుటయు కలదు. తుపాకిమందు పేల్చినప్పటి పొగ, లోతున ఉండు ఉక్క వీనికి తోడగును. వీనినన్నిటిని పలుచబరచి వెలికి పంపుటకు ఉన్న సాధనము ఎడతెగక ప్రవహించు గాలి యొక్కటియే.

గాలిని నడుపు విధము

గదికి ఒకే కిటికీ ఉన్నచో గాలి ఆడదు. ఎదురుగా మరియొకటి ఉన్నప్పుడే ఆడును. గనికిని అట్లే రెండు దారులు ఉండవలెను. ఒక దారిని మంచిగాలి లోనికి పోవును. పనిస్థలములన్నిటిని తాకి, చెడిన గాలి రెండవ దారిని పైకి వచ్చును. ఈ రెండవ దారి ముఖమున, భూమిపైన, ప్రధాన పంకా నిలుపబడి లోని గాలిని నిరంతరము లాగుచుండును. గాలి దగ్గరిదారిని తప్పించుకొనిపోకుండ లోపల అడ్డుగోడలు, జంట తలుపులు, గుడ్డతెరలు కట్టుదురు. జంట తలుపులలో ఒకటి మూసిన పిదపనే రెండవది తెరువవలెను. అజాగ్రత్తగా తెరచి విడిచిన తలుపు వలన ఒక భాగమునకు గాలియే అందకపోవచ్చును.

క్రొత్తగా త్రవ్వుచున్న చోట్లకు వెనుకదారి యుండదు. అందువలన ఆ చోట్లకు సహాయక పంకా పెట్టి గొట్టముద్వారా గాలిని పంపుదురు. ఈ పంకా ఆగినచో ఆ మూలలో వాయువు త్వరగా పేరుకొనును.

చట్టము చెప్పునది

గనులలోని కార్మికులను, వారి భద్రతను గూర్చిన శాసనాధికారము రాజ్యాంగమున కేంద్ర జాబితాలో 55వ అంశముగా చేర్చబడినది. కనుక ఈ పర్యవేక్షణ రాష్ట్రప్రభుత్వముది గాక కేంద్రప్రభుత్వముది. మన దేశమున గనుల చట్టము మొదట 1901లో వెలసినది. మరుసటి సంవత్సరము జనవరి 7వ తేదీన కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయము స్థాపింపబడినది. అదియే 1908లో ధన్‌బాదునకు తరలి, కాలక్రమమున గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ అయినది. ఇది కేంద్ర కార్మికశాఖ క్రిందిది. హైదరాబాదులోను దీని కార్యాలయము కలదు. స్వాతంత్ర్యానంతరము 1952లో క్రొత్త గనుల చట్టము వచ్చినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతిలో ఈ చట్టమును కూడ చేర్చిరి. బొగ్గుగనుల నిబంధనలు 1957లో ఏర్పడి, 2017లో తిరుగవ్రాయబడినవి.

ఈ నిబంధనలు గాలిని కొలతతో చెప్పినవి. గనిలోని ప్రతి విభాగమునకు, పెద్ద షిఫ్టులో పనిచేయు మనిషి ఒక్కింటికి నిమిషమునకు 6 ఘనమీటర్లు, లేదా దినమునకు తీయు టన్ను ఒక్కింటికి నిమిషమునకు 2.5 ఘనమీటర్లు, ఈ రెంటిలో ఏది ఎక్కువైన ఆ పరిమాణమున గాలి అందవలెను. మనుష్యులు పనిచేయు చోట ప్రాణవాయువు నూటికి 19 పాళ్లకు తగ్గరాదు. బొగ్గుపులుసు వాయువు అరపాలు మించరాదు. మండు వాయువు తిరుగుగాలిలో 0.75 పాళ్లను, గనిలో ఏ చోటనైనను 1.25 పాళ్లను దాటరాదు. ప్రేలుటకు 5 పాళ్లు కావలసియుండగా 1.25 వద్దనే హద్దు ఏల గీచిరి అని అడుగవచ్చును. ఏరు పొంగి ఇంటిలోనికి వచ్చిన పిదప కదలుటకంటె, గట్టు దగ్గరకు వచ్చినప్పుడే కదలుట మేలు గదా.

పంకాల విషయమున జాగ్రత్తలు

ప్రధాన పంకా భూమిపైన, గనిముఖమునకు సూటిగా గాక కొంత ప్రక్కగా ఉండవలెను. లోపల ప్రేలుడు సంభవించినచో ఆ తాకిడి నేరుగా పంకాను కొట్టకుండుటకే ఈ ఏర్పాటు. అవసరమైనప్పుడు గాలిని ఎదురు దిశకు త్రిప్పగల వీలు దానికి ఉండవలెను. గాలి ఒత్తిడిని కొలుచు సాధనము దానికి అమర్చవలెను. లోపలికి గాలి వచ్చు దారిలోనే నిప్పు పుట్టినప్పుడు, పొగ కార్మికుల మీదికి పోకుండ ఈ త్రిప్పుటయే కొన్ని సమయములలో రక్షించును. అట్లు త్రిప్పుట బాధ్యతగల అధికారి ఆలోచించి చేయవలసిన పని.

సహాయక పంకా మరియొక విధమున అపాయకరము. దానిని తగని చోట పెట్టినచో చెడిన గాలినే మరల పీల్చి కార్మికుల మీదికి త్రోయును. కావున మంచిగాలి దారిలోనే దానిని నిలుపవలెను. గొట్టపు కొన పనిముఖమునకు 4.5 మీటర్ల లోపున ఉండవలెను. గొట్టములలో పుట్టు విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండ భూమికి తీగ కలుపవలెను. పంకా ఆగినచో మనుష్యులను ఆ చోటినుండి వెంటనే రప్పించవలెను.

పంకాను త్రిప్పు మోటారు కూడ నిప్పురవ్వకు కారణము కాగలదు. అందువలన వాయువు గల చోట్ల మామూలు మోటార్లను వాడనీయరు. మంట బయటికి పోనీయని గట్టి కవచముగల మోటారునే వాడవలెను. కవచములోనికి చొరబడిన వాయువు లోపల అంటుకొన్నను ఆ జ్వాల వెలుపలికి రాదు. ఇట్టి యంత్రములను ప్రయోగశాలలో పరీక్షింపించి, భద్రతాశాఖ ఆమోదము పొందిన పిదపనే గనిలోనికి దింపవలెను. ఆమోదము పొందిన యంత్రమైనను కవచపు మర ఒకటి ఊడినచో మామూలు యంత్రముతో సమానమే. కావుననే కొనునాటి పరీక్షతో పాటు దినదినపు తనిఖీయు ముఖ్యము.

తనిఖీ జరుగు తీరు

మొదటి బాధ్యత గని యజమానిది, మేనేజరుది. సర్దారు, ఓవర్‌మన్ తమ షిఫ్టులో ప్రతి పనిస్థలమున వాయువును పరీక్షించి పుస్తకములో వ్రాయుదురు. వీరిపైన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఉండును. ఆయన పగలైనను రాత్రియైనను గనిలో ప్రవేశించి యంత్రములను, పుస్తకములను పరిశీలింపవచ్చును. అపాయము కనబడినచో దిద్దుబాటునకు ఉత్తరువు చేయవచ్చును; ప్రాణాపాయము తప్పదని తోచినచో మనుష్యులను పనిలో ఉంచరాదని నిషేధింపవచ్చును. మహాప్రమాదములు జరిగినప్పుడు కేంద్రప్రభుత్వము విచారణ న్యాయస్థానమును నియమింపగలదు.

ఈ ఏర్పాట్లలో పెక్కింటి వెనుక ప్రాణనష్టము కలదు. 1958 ఫిబ్రవరి 19న పశ్చిమ బెంగాలులోని చినకూరి గనిలో జరిగిన ప్రేలుడున 170 మందికి పైగా మరణించిరి. 1965 మే 28న నాటి బీహారులోని ధోరీ గనిలో 268 మంది మరణించిరి.

న్యూజిలాండు నేర్పిన పాఠము

పర్యవేక్షణ సడలినచో ఏమగునో పైక్ రివర్ గని లోకమునకు చూపినది. ఆ గని యజమానులు ప్రధాన పంకాను భూమిపైన గాక గని లోపలనే పెట్టిరి. వాయువు గల బొగ్గుగనిలో అట్లు చేయుట ఎచటను లేదు. 2010 నవంబరు 19న గని ప్రేలినది. లోనున్న 31 మందిలో ఇద్దరు మాత్రమే బయటపడిరి. 29 మంది మరణించిరి. లోని పంకా పనిచేయుట మానినది. పైనున్న అదనపు పంకా కూడ ప్రేలుడు తాకిడికి చెడినది.

ప్రమాదమునకు ముందు 48 దినములలో వాయువు ప్రేలుడు స్థాయికి చేరినదని 21 సార్లు వ్రాతమూలకముగా నమోదైనట్లు 2012లో రాయల్ కమిషన్ అను విచారణ సంఘము తేల్చినది. వ్రాసినవారు వ్రాసిరి, చదివి పని ఆపవలసినవారు ఆపలేదు. ఆ కాలమున ఆ దేశమంతటికిని గనుల ఇన్‌స్పెక్టర్లు ఇద్దరే ఉండిరి. పంకాను ఎచట పెట్టవలెనో గట్టిగా ప్రశ్నించువారు లేకపోయిరి. అనంతరము ఆ ప్రభుత్వము చట్టమును మార్చి, 2013లో ప్రత్యేక భద్రతా సంస్థను నెలకొల్పినది. నిబంధన కాగితముపై ఉన్నంతమాత్రమున చాలదనియు, దానిని అమలుపరచు తగినంతమంది నేర్పరులు ఉండవలెననియు దీనివలన తెలియుచున్నది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

గనిలోనికి పోయి తనిఖీ చేయు అధికారము పంచాయతీకి లేదు. అయినను భూమిపైన మనము చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది: పంకా గృహమునకు, దానికి పోవు విద్యుత్తు తీగలకు హాని కలుగకుండ చూడవలెను. పంకా వెలిగ్రక్కు గాలిలో మండు వాయువు ఉండవచ్చును గనుక, దాని దరిదాపుల చెత్త తగులబెట్టుట, నిప్పు రాజేయుట కూడదు. కంచె తొలగించి పశువులను తోలరాదు.

రెండవది: పాత పనులపైనున్న భూమి క్రుంగి పగుళ్లు పడినచో వెంటనే గని మేనేజరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ పగుళ్లగుండ గాలి దిగి లోని బొగ్గు రాజుకొనవచ్చును. కంచె లేని పాత గనిముఖములను గూర్చియు ఇట్లే తెలుపవలెను. పిల్లలను ఆ వైపునకు పోనీయరాదు. పాత గనులలో దొంగచాటుగా బొగ్గు త్రవ్వువారికి పంకాయు లేదు, రెండవ దారియు లేదు. ఈ సంగతి గ్రామసభలో చెప్పవలెను.

మూడవది: బీడీ, అగ్గిపెట్టె లోనికి తీసికొనిపోరాదను నియమము తన ఒక్కనికొరకు గాక తోటివారందరికొరకు ఏర్పడినదని ప్రతి కార్మికునికి ఇంటివారు గుర్తుచేయవలెను.

నాలుగవది: 1952 చట్టము క్రింద ఏర్పడిన నియమములలో పెద్ద గనులకు భద్రతా సంఘమును, కార్మికుల పక్షపు ఇన్‌స్పెక్టరును ఏర్పరచిరి. పంకా తరచుగా ఆగుచున్నదని, గొట్టము చిరిగినదని కార్మికుడు ఇంటిలో చెప్పినచో, దానిని వీరి దృష్టికి తెమ్మని ప్రోత్సహింపవలెను. పని పోవునను భయముచే ఎవరును నోరు మూసికొనరాదు. అచట ఫలితము లేకున్నచో భద్రతాశాఖ కార్యాలయమునకు ఎవరైనను వ్రాయవచ్చును. వ్రాయునప్పుడు గని పేరు, తేదీ, షిఫ్టు, చూచిన సంగతి స్పష్టముగా తెలుపవలెను.

బొగ్గువలన మన ఇండ్లలో దీపములు వెలుగుచున్నవి, మన పొలములలో మోటార్లు తిరుగుచున్నవి. ఆ బొగ్గును తెచ్చువాడు షిఫ్టు ముగిసి సుఖముగా ఇల్లు చేరుటకు యజమాని శ్రద్ధ, ఇన్‌స్పెక్టరు జాగరూకత, కార్మికుని క్రమశిక్షణ మూడును కావలెను. గ్రామము మెలకువగా ఉన్నచో ఈ మూటికిని బలము చేకూరును.