పెడల్ ఫుట్‌స్విచ్ అతుక్కుపోతోందా? స్ప్రే కొట్టే ముందు ఇది చూడండి

సరిగ్గా సోలో టైమ్‌కి డిస్టార్షన్ ఆన్ అవ్వకపోతే ఆ టెన్షన్ ఏంటో స్టేజ్ ఎక్కినవాళ్లకి తెలుసు. చాలామంది వెంటనే ఇంట్లో ఉన్న డబ్ల్యూడీ-40 కొట్టేస్తారు. వద్దు. అది వదిలే జిడ్డుకి దుమ్ము పట్టి, కొన్నాళ్లకి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ముందు మీది ఏ రకం స్విచ్చో చూడండి. బాస్ కాంపాక్ట్ పెడల్స్‌లో కాలితో నొక్కే మూత కింద ఒక స్ప్రింగు, చిన్న బటన్ ఉంటాయి. ముందువైపు స్క్రూని చేత్తోనే వదులు చేసి మూత ఎత్తొచ్చు. లోపలి మురికిని పొడి బ్రష్‌తో దులిపి, స్ప్రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. బూట్లతో తొక్కే వస్తువు కదా, ఇసుక చేరకుండా ఎలా ఉంటుంది!

టక్‌మనే గుండ్రటి మెటల్ బటన్ అయితే అది చాలావరకు 3పీడీటీ స్విచ్. వెనక 9 కాళ్లుంటాయి. ఇందులో ఎల్ఈడీకి, సౌండ్‌కి కాంటాక్టులు వేరు. అందుకే లైట్ వెలుగుతున్నా సౌండ్ రాకపోవచ్చు. అడాప్టర్ పీకేసి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ముప్పై నలభై సార్లు నొక్కండి. పూర్తిగా ఆరాకే పవర్ ఇవ్వండి.

అయినా బటన్ కిందే ఉండిపోతే లోపల అరిగినట్టే, స్విచ్ మార్చడం బెటర్. వైర్లు విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సోల్డరింగ్ ఐరన్‌ని ఒక్కో కాలి మీద రెండు మూడు సెకన్లకి మించి పెట్టకండి, ప్లాస్టిక్ కరిగితే కొత్త స్విచ్ కూడా పోతుంది. వారంటీ ఉంటే మాత్రం పెడల్ విప్పకుండా సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.