ఒక్క షెల్లు... ఎన్ని పేర్లో!

గుడ్డుకీ షెల్లే, తాబేలుకీ షెల్లే. పెట్రోలు బంకు పేరూ షెల్లే. ఆఖరికి దొంగ లెక్కల కంపెనీ కూడా షెల్లే! ఇంగ్లిషువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట తెలుగువాళ్లు బోలెడు పేర్లు పెట్టుకున్నారు. అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే... లోపల ఏముంది?

కోడిగుడ్డుకి పెంకు. తాబేలుకి డిప్ప. కొబ్బరికి చిప్ప. నత్తకి గుల్ల. ముత్యం పుట్టేది ఆల్చిప్పలో. అష్టాచెమ్మా ఆడాలంటే మాత్రం గవ్వలు కావాల్సిందే. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు.

గవ్వలే డబ్బులు

ఆ గవ్వలు ఒకప్పుడు నిజం డబ్బులే. మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాల్‌కి, ఒడిశాకి వచ్చి చిల్లరగా చెలామణీ అయ్యేవి. గవ్వల్ని కాదని వెండి రూపాయల్లోనే శిస్తు కట్టమని ఈస్టిండియా కంపెనీ పట్టుబట్టడం ఒడిశాలో 1817 నాటి పైకా తిరుగుబాటుకి ఓ కారణమైంది. అసలే గవ్వ విలువ తక్కువ. అదీ చిల్లిదైతే? అందుకే జేబు ఖాళీ అయినప్పుడు ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం!

అలంకరణ నుంచి ఆయిల్‌కి...

పెట్రోలు కంపెనీకి ఆ పేరెలా వచ్చిందంటారా? లండన్‌లో మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి తూర్పుదేశాల నుంచి అలంకరణ కోసం గవ్వలూ చిప్పలూ తెప్పించి అమ్మేవాడు. కొడుకులు చమురు వ్యాపారంలోకి దిగారు. 1892లో సూయెజ్ కాలువ దాటిన వాళ్ల ట్యాంకరు పేరు ‘మ్యూరెక్స్’... అదీ ఓ సముద్రపు నత్తే! 1897లో పెట్టిన కంపెనీకి షెల్ అని పేరు పెట్టుకున్నారు.

ఫిరంగి నుంచి కంప్యూటర్‌దాకా

పాతకాలం ఫిరంగి గుండు గట్టి ఇనప ముద్ద. తర్వాత దాన్ని బోలుగా చేసి లోపల మందు కూరారు. అది షెల్ అయింది. రసాయనశాస్త్రం పాఠాల్లో ఎలక్ట్రాన్లు ఉండేవీ షెల్సే. తెలుగు మీడియం వాళ్లకి అవి ‘కర్పరాలు’. కంప్యూటర్‌లో మనం టైపు చేసిన ఆదేశాన్ని అందుకునే ప్రోగ్రాం షెల్, లోపల అసలు పని నడిపించేది కెర్నల్. కెర్నల్ అంటే గింజ. గింజకి పెంకు ఉండాలిగా మరి!

లోపల ఏమీ లేకపోతే...

గుడ్డుకైనా గింజకైనా పెంకు కాపలా. చిక్కల్లా కాపలా తప్ప లోపల సరుకు లేనప్పుడే. కాగితాల మీద పేరూ చిరునామా ఉండి, వ్యాపారం లేని కంపెనీలు అచ్చం ఇలాంటివే. వీటిపై చర్యల్లో భాగంగా, ఏళ్ల తరబడి లెక్కలు సమర్పించని 2 లక్షలకు పైగా కంపెనీల్ని ప్రభుత్వం 2017-18లో రిజిస్టరు నుంచి కొట్టేసింది. విచిత్రమేంటంటే, 2013 కంపెనీల చట్టంలో ‘షెల్ కంపెనీ’కి నిర్వచనమే లేదు. వాటిని నమ్మి డబ్బు పెట్టినవాళ్లకి ఇల్లు గుల్లయ్యాకే విషయం తెలుస్తుంది.

చట్టానికి దొరకని ఆ నిర్వచనం తెలుగులో ఏనాటి నుంచో ఉంది. పైన పెంకు, లోపల ఖాళీ... డొల్ల!