బయానా ఇచ్చే ముందు

ఇబ్రహీంపట్నం పోయే దారిలో ప్లాట్ల బోర్డులు కనిపిస్తాయి. చీటీ డబ్బులతో ఒక ప్లాటు కొందామా అక్కా? కొందాం. ముందు ఇవి అడుగుదాం.

భూమి ఎవరిది?
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇ.సి. తీయించాలి. ఎవరు ఎవరికి అమ్మారో, తాకట్టు పెట్టారో అందులో చూడాలి.

సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమా?
దాన్ని అమ్మరాదు, కొనరాదు. 1977లోనే చట్టం వచ్చింది. కొంటే భూమీ దక్కదు, పైసలూ రావు.

చెరువు శిఖం భూమా?
చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఊరి పెద్దలను అడగాలి. శిఖంలో ఇల్లు కట్టరాదు.

లేఅవుట్‌కు అనుమతి ఉందా?
అనుమతి నంబరు అడగాలి. హెచ్.ఎం.డి.ఏ. ఆఫీసులో ఆ నంబరు చూపించి తెలుసుకోవాలి.

ఎవరి పేరున రాయించాలి?
డబ్బు నీదైతే నీ పేరునే రాయించు. కాగితం మొత్తం చదువు. ఇక వేలిముద్ర వద్దు. సంతకం పెట్టు.